రెండో ఆపరేషన్‌కి ఒప్పుకోని నెల్లీ: 1856 నాటి ఒక కేసు

కాళ్లు పోయినవాళ్లకి కృత్రిమ కాళ్లు అమర్చడం నా పని. విజయవాడలో మొదలుపెట్టాను. పదకొండేళ్లుగా అమెరికాలో, యూటా రాష్ట్రంలో చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పెద్దవయసు పేషెంట్లలో చాలామంది పాత మోర్మన్ కుటుంబాలవాళ్లు. మోర్మన్ అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. కాలు కొలతలు తీసుకుంటున్నంతసేపూ వాళ్ల ముత్తాతలు ఏ సంవత్సరంలో, ఏ గుంపుతో ఇక్కడికి చేరారో చెబుతూనే ఉంటారు. మనవైపు ఇంటిపేరు, గోత్రం చెప్పుకున్నట్టు వీళ్లు ఓడ పేరు, బళ్ల గుంపు పేరు చెప్పుకుంటారు.

వాళ్లలో ఒకాయనకి షుగరు వల్ల ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. మొండి, అంటే మిగిలిన కాలి ముక్క, సరిగా కుదరలేదు. ఎముక కొస చర్మం కిందే పొడుచుకుని ఉంది. కృత్రిమ కాలిలో మొండి ఇమిడే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటాం. అది ఎన్నిసార్లు మార్చినా అదే చోట పుండు పడుతోంది. ఇంకో ఆపరేషన్ చేసి ఆ కొస కొంచెం తగ్గిస్తే ఇబ్బంది తీరుతుందని సర్జన్ చెప్పారు, నేనూ చెప్పాను. ఆయన వద్దన్నారు. రెండోసారీ వద్దన్నారు. మూడోసారి నేను విసుక్కున్నాను, కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆయనకి కోపం రాలేదు. "నెల్లీ అన్‌థాంక్ కూడా వద్దనే అంది" అన్నారు, అంతే.

ఆ పేరు అప్పటిదాకా నాకు తెలియదు. తెలుసుకున్నాక రెండు వారాలు మనసు మనసులో లేదు. నేను చదివిన కేసులన్నిటిలో ఇంతగా కలవరపెట్టింది ఇంకోటి లేదు. అందుకే ఈ కాలపు పేషెంటు గురించి రాసినట్టే, హిస్టరీ నుంచి ఫాలోఅప్ దాకా రాస్తున్నాను.

హిస్టరీ

పేరు ఎలెన్ పుసెల్. అన్‌థాంక్ అన్నది పెళ్లయ్యాక వచ్చిన పేరు. ఇంట్లో నెల్లీ అనేవాళ్లు. 1846 నవంబర్ 6న ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో, టింట్‌విజిల్ అనే ఊళ్లో పుట్టింది. తల్లిదండ్రులు శామ్యూల్, మార్గరెట్. ఇద్దరూ ఇంగ్లండ్‌లో మొదటి రోజుల్లోనే మోర్మన్ మతంలో చేరినవాళ్లు. చేరినవాళ్లంతా యూటాలోని "జయాన్"కి, అంటే బైబిల్లోని సీయోను పేరు పెట్టుకున్న తమ పవిత్ర స్థలానికి వచ్చి కలిసి బతకాలని ఆ రోజుల్లో చర్చి పిలుపు. ఓడకి, ఎద్దులకి, కప్పుబండికి డబ్బు పెట్టుకోలేని మిల్లు కూలీలకి, గని కూలీలకి చర్చి ఒక దారి చూపించింది. రెండు చక్రాల చేతిబళ్ల మీద సామాను పెట్టుకుని, మనుషులే లాక్కుంటూ రావాలి. 1856 నుంచి 1860 దాకా అలా పది గుంపులు, దగ్గరదగ్గర 3,000 మంది వచ్చారు. ఎనిమిది గుంపులు మామూలుగానే చేరాయి. 1856లో ఆలస్యంగా బయల్దేరిన రెండు గుంపులు మంచులో చిక్కుకున్నాయి. నెల్లీ వాళ్లది అందులో వెనకది, ఎడ్వర్డ్ మార్టిన్ గుంపు.

1856 మే 25న లివర్‌పూల్‌లో "హొరైజన్" అనే ఓడ ఎక్కారు. అందులో 856 మంది. జూన్ ఆఖరుకి బోస్టన్‌లో దిగారు. అక్కణ్నుంచి రైల్లో అయోవా సిటీ. వాళ్లకోసం బళ్లు సిద్ధంగా లేవు. హడావుడిగా, సరిగా ఆరని చెక్కతో చేశారు. దారిలో ఎండకి చెక్క కుంచించుకుపోయి చక్రాలు వదులయ్యాయి. జూలై 28న బయల్దేరారు. అక్కణ్నుంచి యూటాలో వాళ్లు చేరాల్సిన ఊరు సాల్ట్ లేక్ సుమారు 2,100 కిలోమీటర్లు. గుంపులో 576 మంది. నెల్లీకి తొమ్మిదేళ్లు, అక్క మ్యాగీకి పద్నాలుగు. అంత ఆలస్యమయ్యాక ఆ చలికాలం అయోవా వైపే ఎక్కడైనా ఆగిపోయి ఉండాల్సింది. పెద్దవాళ్లు తీసుకున్న ఆ తప్పుడు నిర్ణయానికి పిల్లల కాళ్లు బలయ్యాయన్నది నా అభిప్రాయం. దాన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

చలి దెబ్బకంటే ముందు ఆకలి దెబ్బ ఉంది. దీన్ని చాలామంది దాటేసి చదువుతారు. మొదట పెద్దవాళ్లకి రోజుకి ఒక పౌను పిండి, అంటే సుమారు 450 గ్రాములు. దాన్ని ముప్పావుకి, అరకి, పావుకి తగ్గించుకుంటూ వచ్చారు. తిండి లేని ఒంట్లో వేడి పుట్టదు. ఉన్న వేడిని గుండెకి, మెదడుకి దాచుకోవడానికి శరీరం కాళ్లకీ చేతులకీ రక్తం తగ్గించేస్తుంది. పిల్లల ఒళ్లు చిన్నది, బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకని వేడి ఇంకా త్వరగా పోతుంది. అక్టోబర్ మధ్యలో డీర్ క్రీక్ దగ్గర బరువు తగ్గించాలని సామాను పరిమితి మనిషికి 17 పౌన్ల నుంచి 10 పౌన్లకి కోసేశారు. అదనపు దుప్పట్లు, బట్టలు అక్కడే కాల్చేశారు.

అక్టోబర్ 19న నార్త్ ప్లాట్ నది దాటారు. ఇప్పుడు వయోమింగ్‌లో క్యాస్పర్ నగరం ఉన్న చోటు అది. చల్లటి నీళ్లలో దిగి, బళ్లు లాగుతూ దాటారు. అదే రోజు మంచు మొదలైంది. నీరు గాలికంటే సుమారు పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. తడి మేజోళ్లతో, తడి తోలు బూట్లతో నడిచిన పిల్లకి ఆ నదే అసలు గాయం.

తల్లి అప్పటికే జబ్బుపడింది. తండ్రి ఆమెని బండిలో కూర్చోబెట్టుకుని లాగుతున్నాడు. ఒక ప్రవాహం దాటుతుంటే కాలు జారి పడ్డాడు, నిలువెల్లా తడిశాడు. ఆరబెట్టుకునే వీలు లేదు, కడుపులో ఏమీ లేదు. కొద్దిరోజుల్లోనే పోయాడు. ఇంకో ఐదు రోజులకి తల్లీ పోయింది. గడ్డకట్టిన నేల తవ్వడానికి గునపం దిగదు. ఆ గుంపులో చాలామందిని మంచులోనే కప్పి వెళ్లారు. అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు.

చర్చి నాయకుడు బ్రిగమ్ యంగ్‌కి ఈ గుంపులు ఇంకా దారిలోనే ఉన్నాయన్న సంగతి అక్టోబర్ 4న తెలిసింది. మర్నాడు సభలో అందరి ముందూ, వాళ్లని తీసుకురండి, మిగతావన్నీ తర్వాత అన్నాడు. 7న బళ్లు కదిలాయి. మార్టిన్ గుంపుని ముగ్గురు రౌతులు అక్టోబర్ 28న కనుక్కున్నారు. నవంబర్ 4 నుంచి 9 దాకా గుంపు ఒక కొండ మడతలో తలదాచుకుంది. ఇప్పుడు దాన్ని మార్టిన్స్ కోవ్ అంటారు. నవంబర్ 6న థర్మామీటర్ ఫారన్‌హీట్ సున్నాకి 11 డిగ్రీల కిందికి దిగింది, అంటే సెల్సియస్‌లో మైనస్ 24. ఆ రోజు నెల్లీకి పదేళ్లు నిండాయి.

నవంబర్ 30న సాల్ట్ లేక్ చేరారు. 576 మందిలో 130 మందికి పైగా దారిలోనే పోయారు.

పరీక్ష

నది దాటిన రోజు నుంచి ఊరు చేరిన రోజుకి 42 రోజులు. ఇప్పుడు ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి ఒంట్లో భాగం గడ్డకట్టిన కేసు వస్తే మేం మొదట అడిగేది: ఒకసారే గడ్డకట్టిందా, కరిగి మళ్లీ గడ్డకట్టిందా? గడ్డకట్టిన కాలు మళ్లీ గడ్డకట్టే ప్రమాదం ఉంటే దాన్ని కరిగించకుండా అలాగే నడిపించడం మేలు. ఒకసారి కరిగాక మళ్లీ గడ్డకడితే చిన్న రక్తనాళాలన్నీ మూసుకుపోతాయి, ఇక కండ చచ్చినట్టే. రాత్రి మంట దగ్గర కాచుకోవడం, పగలు మళ్లీ మంచులో నడవడం. నెలకి పైగా జరిగింది అదే.

సాల్ట్ లేక్‌లో బూట్లు, మేజోళ్లు తీశారు. మేజోళ్లతోపాటు చర్మం కూడా ఊడి వచ్చింది. విజయవాడలో కాలిన గాయాల వార్డులో అంటుకుపోయిన గుడ్డని తడిపి తడిపి తీయడం చూశాను. అక్కడ పట్టుకునే చేయి మెల్లగా కదులుతుంది, పిల్లకి ముందే మందు ఇస్తారు. ఇక్కడ తీస్తున్నవాళ్లకి లోపల ఏముందో తీశాకే తెలిసింది.

మ్యాగీ కాళ్లు దక్కాయి. నెల్లీవి నల్లబడిపోయాయి.

ఆపరేషన్

పిల్లని ఒక చెక్కకి కట్టేశారు. మత్తు లేదు. కసాయి కత్తి, వడ్రంగి రంపం. రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసేశారు. ఆపరేషన్ నోటు అంటూ లేదు. ఆమె తర్వాత స్థిరపడిన సీడార్ సిటీ అనే ఊళ్లో, పెద్దయ్యాక ఆమెని దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పిందే మనకి కేస్ షీట్.

ఇక్కడ మూడు తేదీలు రాయకుండా ఉండలేను. ఈథర్ మత్తు ఇచ్చి నొప్పి లేకుండా ఆపరేషన్ చేయొచ్చని బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపించింది 1846 అక్టోబర్ 16న. అమెరికాలో కృత్రిమ కాలికి పేటెంట్ ఫ్రాంక్ పామర్‌కి వచ్చింది 1846 నవంబర్ 4న. నెల్లీ పుట్టింది 1846 నవంబర్ 6న. తనకి కావలసిన రెండూ తనతోపాటే, మూడు వారాల తేడాలో పుట్టాయి. పదేళ్ల తర్వాత ఆ పిల్ల ఓడ దిగింది కూడా బోస్టన్‌లోనే. అయినా ఆ చెక్క మీదికి రెండిట్లో ఒక్కటీ చేరలేదు.

తీసినవాళ్లని తిట్టడానికి నాకు మనసొప్పదు. కుళ్లిన కాళ్లు అలాగే ఉంచితే విషం ఒంటికెక్కి పిల్ల చచ్చిపోయేది. వాళ్లు ప్రాణం నిలబెట్టారు. ఇప్పుడైతే చచ్చిన భాగం, బతికున్న భాగం విడివిడిగా తేలేదాకా వారాలు, నెలలు ఆగుతాం. "జనవరిలో గడ్డకడితే జూలైలో కొయ్యి" అని సర్జన్ల మధ్య ఒక మాట ఉంది. చీము పట్టిన కాలికి ఆ ఆగే వీలుండదు. రక్తనాళాల్లో గడ్డలు కరిగించే మందుని 24 గంటల్లోపు ఇస్తే వేళ్లు దక్కుతాయని 2007లో యూటా యూనివర్సిటీ డాక్టర్లే ప్రచురించారు. మందు అందనివాళ్లలో 41 శాతం వేళ్లు తీసేయాల్సి వస్తే, అందినవాళ్లలో 10 శాతం. నెల్లీ కాళ్లు తీసిన ఊళ్లోనే జరిగిన పని అది. కానీ నెలరోజుల పాత గాయానికి ఆ మందూ పనిచేయదు.

ఇక మొండి సంగతి. ఆమెని చూసినవాళ్లు చెప్పింది ఒకటే మాట: కండని ముందుకి లాగి కొసల మీద కప్పలేదు, ఎముకలు బయటికి పొడుచుకుని ఉండేవి, పుండ్లు జీవితాంతం మానలేదు. ఇప్పుడు మోకాలి కింద తీసేటప్పుడు వెనక పిక్క కండని పొడుగ్గా ఉంచి, ఎముక కొస మీదుగా ముందుకి మడిచి కుడతారు. పెద్ద ఎముక అంచు ఏటవాలుగా అరగదీస్తారు. పక్క ఎముకని ఇంకొంచెం పొట్టిగా కోస్తారు. నరాన్ని లాగి కోసి లోపలికి వదిలేస్తారు, కొస మీద బరువు పడకుండా. ఇదంతా కుదిరితే మొండి ఒక గట్టి దిండులా ఉంటుంది. నెల్లీకి ఇందులో ఏదీ జరగలేదు. చెడ్డ సర్జరీ అన్న మాట నిజమే.

కానీ కారణం అదొక్కటే అనుకుంటే ఈ కేసు సగమే అర్థమైనట్టు. నెల్లీకి పదేళ్లు. పిల్లల్లో ఎముక మధ్యలో కోస్తే కోసిన కొస దగ్గర ఎముక మళ్లీ పేరుకుంటూ, చెక్కిన పెన్సిల్ మొనలా సాగి, చర్మాన్ని లోపల్నుంచి పొడుచుకుని బయటికి వస్తుంది. మోకాలి దగ్గర ఎదుగుదల వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు. కొసలో కొత్త ఎముక పుడుతూనే ఉంటుంది. ఈ రోజుల్లో మంచి ఆసుపత్రిలో, అద్భుతంగా కండ కప్పి కుట్టినా పిల్లల్లో ఇది వస్తుంది. ఎదుగుదల ఆగేదాకా ఒకసారో, రెండుసార్లో, ఇంకా ఎక్కువో ఆ కొస కోయాల్సి వస్తుంది. పెద్ద ఎముక పైభాగం ఎదిగే చోటు నెల్లీకి మిగిలే ఉంది కాబట్టి కాలు పొడవు పెరిగింది, కొస మొనా సాగింది, రెండూ జరిగి ఉంటాయి. అంటే 1856 డిసెంబర్లో ఎంత గొప్ప సర్జన్ ఆ కండని కప్పినా, పన్నెండో ఏటో పద్నాలుగో ఏటో ఆ ఎముక బహుశా బయటికి వచ్చేదే. ఆమెకి కావలసింది ఒక మంచి ఆపరేషన్ ఒక్కటే అయితే సరిపోయేది కాదు, వరసగా కొన్ని ఆపరేషన్లు కావాలి. మొదటిది అలా జరిగిన పిల్ల రెండోదానికి ఎలా ఒప్పుకుంటుంది?

ఒప్పుకోలేదు. పెద్దయ్యాక డాక్టర్లు అడిగారు. కొసలు కోసి, కండ కప్పి, మానేలా చేస్తామన్నారు, కృత్రిమ కాళ్లు పెట్టుకోవచ్చన్నారు. మొదటి ఆపరేషన్ భయం కళ్లముందు అలాగే ఉండటంతో ఆమె ఎప్పటికీ సరే అనలేదు.

ఆ తర్వాత 58 ఏళ్లు

నెల్లీ దక్షిణ యూటాలో సీడార్ సిటీకి వెళ్లి స్థిరపడింది. 1871లో, 24 ఏళ్లప్పుడు విలియమ్ అన్‌థాంక్‌ని పెళ్లి చేసుకుంది. అప్పటికే ఆయనకి ఒక భార్య ఉంది. అప్పటి మోర్మన్లలో అది మామూలే. ఆరుగురు పిల్లలు పుట్టారు. ఒక చెక్క గుడిసె, మట్టి నేల.

ఆ నేల గురించి చదువుతుంటే మా నాయనమ్మ కళ్లముందు కదిలింది. నెల్లీ ఆ మట్టి మీద నీళ్లు చల్లి, గీకి, చదును చేసి, బండ పరిచినట్టు నున్నగా చేసేదట. ఇల్లు అలికిన ఏ తెలుగు ఆడమనిషికైనా ఆ పని తెలుసు. గొంతుక్కూర్చుని, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ చేసే పని. నెల్లీకి మార్చుకోవడానికి ఇంకో కాలు లేదు. ఉన్న రెండు మోకాళ్ల మీదే చేసింది.

మోకాళ్లకి తోలు చుట్టుకుని నడిచేది. ఇతరుల బట్టలు తెచ్చి, తొట్టి పక్కన మోకాళ్ల మీద ఉండి ఉతికేది. మేజోళ్లు అల్లి అమ్మేది, ఉన్ని దువ్వేది, క్రోషా అల్లేది. డబ్బులకి తన చేతులు తనకి ఉన్నాయి. ఊరి చర్చి తనకి చేసిన సాయానికి బదులుగా ఏడాదికోసారి పిల్లలందరినీ తీసుకుని వెళ్లి ప్రార్థన హాలు కడిగేది. మగపిల్లలు నీళ్లు మోసేవాళ్లు, ఆడపిల్లలు కిటికీలు తుడిచేవాళ్లు. నేల రుద్దడం తల్లి పని.

ఈ తోలు నాకు చాలా విషయాలు చెప్పింది. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో ఒక సాకెట్ తయారైంది. మోకాలి చిప్ప కింద ఉండే నరంలాంటి గట్టి కండరపు తాడు మీదే ఎక్కువ బరువు వేస్తుంది అది. ఆ చోటు బరువు తట్టుకుంటుంది, చర్మం చితకదు. మేం ఇప్పటికీ మోకాలి కింది సాకెట్లు నేర్చుకునేది అక్కణ్నుంచే. మోకాళ్ల మీద నిలబడ్డవాళ్ల బరువు చిప్ప మీద, దాని కింద ఇంచుమించు ఆ చోటే పడుతుంది. విజయవాడలో పోలియో వచ్చిన పెద్దవాళ్లు మోకాళ్లకి పాత టైరు ముక్కలు కట్టుకుని వచ్చేవాళ్లు. అక్కడి చర్మం మడమలా గట్టిపడి, పసుపుపచ్చగా, నున్నగా ఉండేది. నెల్లీ మోకాళ్లూ అలాగే అయ్యుంటాయి. ఆమె ఒంట్లో బరువు మోయగలిగిన ఒకే చోటుని ఆమే కనిపెట్టి, దానికి తోలు వేసుకుంది. మానని పుండ్ల కొసల్ని నేలకి తగలకుండా వెనక్కి ఉంచింది. వెల ఏంటంటే, మడిచే ఉంచిన మోకాళ్లు కొన్నేళ్లకి పూర్తిగా చాచడానికి రావు. కాబట్టి 40 ఏళ్ల వయసులో ఎవరైనా కొసలు బాగుచేసి కాళ్లు తెచ్చినా, వాటి మీద నిటారుగా నిలబెట్టడం నాలాంటివాడికి చాలా కష్టమయ్యేది. ఆమె కాదనడం వెనక భయం ఒక్కటే ఉందనుకోను. ఎలాగోలా సాగుతున్న బతుకుని మళ్లీ ఒకరి చేతుల్లో పెట్టాలి. పడుకుంటే ఉతికేవాళ్లు ఎవరు, వండేవాళ్లు ఎవరు?

1915 జూలైలో, 68 ఏళ్ల వయసులో సీడార్ సిటీలోనే పోయింది. అక్కడి సదరన్ యూటా యూనివర్సిటీలో 1991లో ఆమె కంచు విగ్రహం పెట్టారు. శిల్పి జెర్రీ ఆండర్సన్. సాల్ట్ లేక్ నుంచి నాలుగు గంటల డ్రైవ్. వెళ్లొచ్చాను.

మళ్లీ మా పేషెంటు

తర్వాతి విజిట్లో సాకెట్ గురించి ఎత్తలేదు. "మొదటి ఆపరేషన్లో మీకేం గుర్తుంది?" అని అడిగాను. రెండేళ్లుగా నా దగ్గరికి వస్తున్నారు, ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు. నడుముకి మత్తు ఇచ్చారట. నొప్పి తెలియలేదు కానీ మధ్యలో మెలకువ వచ్చింది. రంపం శబ్దం విన్నారు. శబ్దం ఆగాక ఎవరో ట్రేలో ఏదో బరువుగా పెట్టిన చప్పుడు. అది తన కాలని ఆయనకి తెలిసిపోయింది. ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదట. చెబుతున్నంతసేపూ రెండు చేతులతో మొండిని పట్టుకునే ఉన్నారు.

ఆయన అనుమతితో ఆ సంగతి సర్జన్‌కి, మత్తు డాక్టర్‌కి చెప్పాను. మళ్లీ చేయాల్సి వస్తే పూర్తి మత్తు ఇస్తామని, లోపలికి తీసుకెళ్లకముందే నిద్రపుచ్చుతామని మత్తు డాక్టర్ స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. ఆయన ఆలోచిస్తానన్నారు. వద్దు అనలేదు. ఈలోగా నేను సాకెట్ మళ్లీ మొదట్నుంచి చేశాను. ఎముక కొస చుట్టూ ఖాళీ పెంచాను, బరువు మోకాలి చిప్ప కిందికి జరిపాను, లోపల మెత్తటి సిలికాన్ లైనర్ వేశాను. రోజుకి నాలుగు గంటలకి మించి వేసుకోవద్దని చెప్పాను. మొదట అర్ధరూపాయి బిళ్లంత ఉన్న పుండు మొన్న బుధవారం చూస్తే శనగగింజంత అయ్యింది. రెండు వారాలకి మళ్లీ రమ్మన్నాను.